గాలి తిరిగిన రాత్రి

కొండవీడు అనగానే ఎవరికైనా రెడ్డిరాజులు గుర్తొస్తారు. అద్దంకి నుంచి రాజధానిని మా కొండకి తరలించిన అనవోతారెడ్డి, పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడు, 1515లో కోటను గెలుచుకున్న కృష్ణదేవరాయలు. వీళ్ళకి శాసనాలున్నాయి, పుస్తకాలున్నాయి. నాకు మాత్రం కొండవీడు అంటే ముందు తలపుకొచ్చేది 1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచిన రోజు. ఆ ఉప్పెనను తెచ్చిన తుఫాను ఒడ్డునే ఆగిపోలేదు. నేలెక్కి గుంటూరు జిల్లాలోకి వచ్చింది. ఆ సాయంత్రం నుంచి తెల్లవారే దాకా మేము దాని కింద ఉన్నాం.

మాది కొండ దిగువన, పాత కోటగోడ రాళ్ళకి దగ్గర్లో తాటాకు ఇల్లు. మట్టిగోడలు, మధ్యలో నిట్రాడు, ముందొక పంచ, వెనక గొడ్ల చావిడి. అప్పట్లో ఊరు నరసరావుపేట తాలూకాలో ఉండేది, జిల్లా గుంటూరు. ఘాట్ రోడ్డు లేదు. కొండెక్కాలంటే మెట్లదారే. పైన మూడు చెరువులు, ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. ఆశ్వీజం, కార్తీకం వచ్చాయంటే కొండంతా సీతాఫలాలు. పండు కోసుకు రావడానికని చెప్పి నేను కొండెక్కేదాన్ని. అసలు సంగతి వేరు. వాన రావడం చూడ్డానికి ఎక్కేదాన్ని.

మెట్లదారిలో సగం పోతే ఒక కూలిన బురుజు ఉండేది. దాని మీద నిలబడితే చిలకలూరిపేట వైపు మైదానమంతా కనిపించేది. నల్లరేగడి చేలు, పత్తి, మిరప, పొగాకు కాల్చే బ్యారన్లు, దూరంగా మద్రాసు రోడ్డు. వాన అవతల చేల మీద మొదలై ఒక్కో చేనూ మాయం చేసుకుంటూ మా వైపు వచ్చేది. మొదటి చినుకు మొహాన పడ్డాక దిగడం మొదలుపెట్టి, వాన కంటే ముందు ఇంటి గుమ్మంలో ఉండాలని పరుగు. అమ్మ తిట్టేది, తాత తిట్టేవాడు కాదు. "ఎటు నుంచి వచ్చింది పిల్లా?" అని అడిగేవాడు. గాలి ఏ మూల నుంచి లేచింది, మబ్బు రంగేంటి, పిట్టలు ఎటు పోతున్నాయి, ఇవన్నీ చెప్పాలి. తప్పు చెబితే మళ్ళీ బయటికి తీసుకెళ్ళి చూపించేవాడు. 1969 మే నెల తుఫానులో గొడ్లు పోగొట్టుకున్న మనిషి ఆయన. అప్పట్నుంచీ ఆకాశాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టేవాడు కాదు.

ఆ ఏడు నాగులచవితి వెళ్ళి నాలుగైదు రోజులయింది. పక్కింటి మావయ్య ఇంట్లో ట్రాన్సిస్టర్ ఉండేది. పొద్దున నమాజు అవగానే విజయవాడ రేడియో పెట్టేవాడు. బంగాళాఖాతంలో తుఫాను ఉందని రెండు రోజుల నుంచీ చెబుతూనే ఉన్నారు. ఊళ్ళో ఎక్కువమంది పట్టించుకోలేదు. దానికి కారణం ఉంది. సరిగ్గా వారం కిందట, నవంబరు 12న, ఒక తుఫాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటింది. మనకేమీ కాలేదు. ఇదీ అటే పోతుందనుకున్నారు. పైగా మనం సముద్రానికి దూరం, మధ్యలో బాపట్ల, పొన్నూరు, అంత నేల ఉందని ధైర్యం. ఆ లెక్క ఎంత బలహీనమో పటం చూస్తే తెలుస్తుంది. చీరాల, బాపట్ల ఒడ్డు నుంచి మా కొండకి తిన్నగా గీత గీస్తే యాభై, అరవై కిలోమీటర్లు మించదు. ఆ మధ్యలో గాలికి అడ్డం చెప్పే ఎత్తు లేదు.

శనివారం తెల్లవారేసరికి ముసురు. ఈశాన్యం గాలి విసురు విసురుగా వస్తోంది. వీస్తుంది, ఆగుతుంది, మళ్ళీ వీస్తుంది. ప్రతిసారీ ముందటి కంటే కాస్త ఎక్కువసేపు. మబ్బులు కిందుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. తాత పంచలో కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, "మేకల్ని దింపుకొద్దాం రా" అని నన్ను వెంటబెట్టుకుని కొండ వైపు నడిచాడు. బురుజు దగ్గరికి వచ్చేసరికి నిలబడ్డం కష్టమైంది. నేను చూద్దామనుకున్న మైదానం లేదు. చేలు, రోడ్డు, బ్యారన్లు అన్నీ బూడిదరంగులో కలిసిపోయాయి. మేకలు రాళ్ళ సందుల్లో తలలు దూర్చి నిలబడ్డాయి, అదిలించినా కదలవు. తాత ఒక పిల్లమేకని నా చేతుల్లో పెట్టి, పెద్దదాన్ని చెవి పట్టుకుని నడిపిస్తే మిగతావి వెంట వచ్చాయి. దిగుతుంటే ఒక చినుకు పెదవి మీద పడింది. ఉప్పగా తగిలింది. తాతకి చెప్పాను. ఆయన తన అరచేతిని వానలో పట్టి నాలుకతో చూసుకున్నాడు. ఏమీ అనలేదు. నడక మాత్రం పెంచాడు.

ఇంటికొచ్చాక ఆయన చేసిన పనులు ఇప్పటికీ వరసగా చెప్పగలను, ఎందుకంటే ప్రతి పనికీ నన్ను ఏదో ఒకటి పట్టుకోమన్నాడు. ముందు మోకులు తీసి ఇంటికప్పు మీదుగా అడ్డంగా వేసి, రెండు కొసల్నీ నేలలో దిగగొట్టిన గుంజలకి బిగించాడు. ఒక మోకు చాలక దాని కొసకి తిరగలి రాయి కట్టాడు. తర్వాత చావిట్లోకి పోయి గేదెలకీ ఎడ్లకీ పలుపులు విప్పేశాడు. బాబాయి అడ్డం వచ్చాడు, "అవి ఎటన్నా పోతే నాన్నా?" అని. "పోతే వెతుక్కుంటాం. కట్టేసి ఉంటే వెతకటానికీ ఉండవు" అన్నాడు తాత. అమ్మ ఒక కుండలో అటుకులు, బెల్లం పెట్టి మూతికి గుడ్డ కట్టింది. కిరసనాయిలు బుడ్డి, అగ్గిపెట్టె సీసాలో పెట్టి బిరడా బిగించింది. నాన్న జొన్నల బస్తాలను అటక మీదికి ఎక్కించబోతే తాత వద్దన్నాడు. కప్పు పోతే అటక మీద సరుకు ముందు పోతుందట. బస్తాలన్నీ గోడ మూలకి చేర్చి పైన రోలు బోర్లించారు.

మధ్యాహ్నం దాటాక పక్కింటి మావయ్య గోడ మీదుగా కేకేశాడు. "మావా, రేవుల్లో పెద్ద నంబరు ఎగరేశారంట. మండపంలోకి పోదామా?" తాత అప్పటికే గొంగళి భుజాన వేసుకున్నాడు. కొండ కింద పాత కోటలో ఒక రాతి మండపం మిగిలి ఉంది. ఎవరు కట్టించారో మాకు తెలీదు. స్తంభాలు, పైన పరిచిన రాతి పలకలు, వెనక నిండు గోడ. మామూలు రోజుల్లో పశువుల కాపర్లు ఎండకి కూర్చునే చోటు. ఆ రోజు రెండిళ్ళ వాళ్ళం, తర్వాత ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు, ముసలివాళ్ళు, చంటిపిల్లలు, మా మేకలు, అందరం అక్కడికి చేరాం. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటున్నారు. మావయ్య తన దుప్పటి తీసి ఒక బాలింత చుట్టూ తెరలాగా కట్టాడు.

సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ఆ తుఫాను చీరాల, నిజాంపట్నం తీరంలో నేల తాకిందని తర్వాత చదివాను. ఆ సమయానికి మా దగ్గర వెలుతురు ఇంకా కొంచెం మిగిలి ఉంది. మండపం ముందున్న చింతచెట్టు మీద నేను కన్ను వేసి ఉంచాను. మొదట కొమ్మలు ఊగాయి. తర్వాత ఊగడం మానేసి, అన్నీ ఒకే వైపు వంగి అలాగే ఉండిపోయాయి. అదే నాకు భయం పుట్టించింది. గాలి విడవకుండా తోస్తోందని అర్థం. ఆకులు రాలడం కనిపించలేదు. కాసేపటికి చూస్తే చెట్టుకి ఆకు లేదు. ఎవరి ఇంటి కప్పో ముక్కలు ముక్కలుగా మా ముందు నుంచి అడ్డంగా పోయింది, నేల మీద పడకుండా. ఒక ఇత్తడి బిందె రాళ్ళకి కొట్టుకుంటూ చాలా దూరం దొర్లిన చప్పుడు వినిపించింది. దాంతో వెలుతురు పోయింది.

తుఫాను అంటే కంటితో చూసేదని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని. చీకటి పడ్డాక చూడ్డానికేమీ మిగల్లేదు, వినడమే. జిన్నింగు మిల్లు గోడకి చెవి ఆనించి పడుకున్నట్టు, ఎడతెగని ఒకే మోత. మధ్యలో చెట్టు విరిగితే ఆ చప్పుడు వేరుగా తెలిసేది, అంతే. పక్కనున్న అమ్మ మాట నాకు చేరాలంటే నా చెవిలో నోరు పెట్టి చెప్పాలి. చెవులు గుయ్యిమని మూసుకుపోయాయి, మింగితే తెరుచుకునేవి, మళ్ళీ మూసుకునేవి. గాలి ఒత్తిడి పడిపోతే అలా అవుతుందని చదువుకున్నాక తెలిసింది. తాత నా చెయ్యి తీసి వెనక రాతిగోడకి ఆనించాడు. రాయి వణుకుతోంది. ఆయన చెయ్యి నా చేతి మీద పెట్టి ఉంచాడు. ఆ గోడ ఎన్ని వందల ఏళ్ళదో, ఎన్ని ముట్టళ్ళు చూసిందో, ఆ రాత్రి మాత్రం మా కోసమే నిలబడింది అనుకుంటాను.

రాత్రి ఏ వేళయిందో తెలీదు, మోత తగ్గింది. పూర్తిగా ఆగలేదు, మనుషుల మాటలు వినపడేంతగా తగ్గింది. వెంటనే అందరూ ఒకేసారి మాట్లాడ్డం మొదలెట్టారు. బాబాయి ఎడ్లను చూసొస్తానని లేచాడు. తాత అతని పంచె పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. "తిరుగుగాలి ఇంకా రాలా. కూచో."

వచ్చింది. ఇంతసేపూ ఒక పక్క నుంచి కొట్టిన గాలి ఇప్పుడు ఇంకో పక్క నుంచి అందుకుంది. మండపంలో పొడిగా ఉన్న మూల తడిసింది, తడిసిన మూలలో ఊపిరాడింది. పిల్లల్ని అటు నుంచి ఇటు మార్చారు. మన సముద్రంలో పుట్టే తుఫాను గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. దాని నడిమి భాగం దగ్గరగా దాటిపోతున్నప్పుడు గాలి కాస్త సద్దుమణిగి, దిక్కు మారుతుంది. మా తాతకి వాయుపీడనం లెక్క తెలీదు. కానీ గాలి తిరగందే తుఫాను పోదని తెలుసు. పొద్దున ఊళ్ళో చూస్తే, మొదటి గాలికి తట్టుకున్న గోడలు చాలా తిరుగుగాలికి పడ్డాయి. ఒక వైపు తడిసి మెత్తబడ్డ మట్టిగోడను రెండో వైపు నుంచి తోస్తే ఇంకేం నిలుస్తుంది! గాలి తగ్గింది కదా అని ఇంటికి పోయి ఉంటే ఆ గోడల కింద ఎవరుండేవాళ్ళో ఊహించలేను.

తెల్లవారుతుండగా కొండ మీద నుంచి నీళ్ళ చప్పుడు మొదలైంది. చెరువులు నిండి, వాగులు ఒక్కసారిగా దిగాయి. రాళ్ళు దొర్లుకుంటూ వచ్చాయి. మండపం అరుగు ఎత్తుగా ఉండబట్టి సరిపోయింది.

పొద్దున కొండ నాకు కొత్తగా కనిపించింది. ఆకు లేని కొండను వేసవిలో చూశాను గాని, కార్తీకంలో అలా చూడ్డం అదే. సీతాఫలాలు రాళ్ళ మీద పగిలి పడి ఉన్నాయి, వాన కడిగిన గింజలు నల్లగా మెరుస్తున్నాయి. వాటి మధ్య రామచిలకలు చచ్చి పడి ఉన్నాయి. తాటిచెట్లు కొన్ని మొదలుకంటా పోయాయి, కొన్ని మొవ్వు విరిగి నిలబడ్డాయి. విచ్చిన పత్తి చేలో లేదు. కంపచెట్ల ముళ్ళకి, తంగేడు పొదలకి అంటుకుని తెల్లగా వేలాడుతోంది, మట్టి కలిసి. మా ఇంటికి కప్పు లేదు, రెండు గోడలు పడ్డాయి, నిట్రాడు నిలిచింది. తిరగలి రాయి కట్టిన మోకు కొస అలాగే ఉంది, అది పట్టుకున్న కప్పే లేదు. జొన్నల బస్తాలు తడిసినా ఉన్నాయి. గేదెలు రెండూ కోటగోడ వారన పడుకుని నెమరేస్తూ కనిపించాయి. ఎడ్లు మధ్యాహ్నానికి వాటంతట అవే వచ్చాయి. ఊళ్ళో కట్టేసి వదిలేసిన చావిళ్ళలో పశువులు దక్కలేదు.

మేము మా కష్టమే పెద్ద కష్టం అనుకున్నాం. రెండు మూడు రోజుల తర్వాత పేపరు వచ్చింది, రేపల్లె వైపు నుంచి మా బంధువు ఒకాయన నడిచి, దొరికిన బండి ఎక్కి వచ్చాడు. దివిసీమ సంగతి అప్పుడు తెలిసింది. నాగాయలంక, కోడూరు, హంసలదీవి వైపు పల్లెల మీదికి అయిదు మీటర్ల ఎత్తున సముద్రం వచ్చిందనీ, ఊళ్ళకి ఊళ్ళు లేవనీ. మాకు గాలి వచ్చిన సాయంత్రమే వాళ్ళకి నీళ్ళు వచ్చాయి. చనిపోయినవాళ్ళను అధికారిక లెక్కలే పదివేల దగ్గర తేల్చాయి, నిజం అంతకంటే ఎక్కువని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆ బంధువు మా పంచలో కూర్చుని చెబుతుంటే, పడిన గోడ మట్టి ఎత్తిపోస్తున్న అమ్మ పార పక్కన పెట్టి అలాగే కూలబడింది. ఆ సాయంత్రమే ఇంట్లో తడవకుండా మిగిలిన రెండు చీరలు, కొన్ని జొన్నలు మూటగట్టింది. మాకే కప్పు లేదు. అయినా ఊళ్ళో ప్రతి ఇల్లూ ఏదో ఒకటి ఇచ్చింది. అవనిగడ్డ మనిషి, అప్పుడు మంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు సహాయ పనుల్లో అక్కడే ఉండి తిరుగుతున్నాడని పేపర్లో చదివి వినిపించేవాళ్ళు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊళ్ళు తిరిగారు. వెండితెర మీద తప్ప చూడని మనుషులు చెయ్యి చాపి అడిగితే, ఇవ్వడానికి ఏమీ లేనివాళ్ళు కూడా ఇచ్చారు.

పెద్దయ్యాక తుఫానుల గురించి దొరికిందల్లా చదివాను. 1943 జులైలో అమెరికాలో జోసెఫ్ డక్‌వర్త్ అనే సైనికాధికారి ఒంటి ఇంజను విమానంలో హరికేన్ కంట్లోకి దూసుకెళ్ళి తిరిగొచ్చాడు. తర్వాత అక్కడ అలా తుఫానులోకి ఎగరడం ఒక వ్యవస్థగానే మారింది. జాష్ మోర్గర్‌మన్ అనే ఆయన తుఫాను ఎక్కడ నేల తాకుతుందో అక్కడికే పీడనమాపకం పట్టుకుని వెళ్తాడు. 2013 నవంబరులో ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్‌లో హైయన్ తుఫాను విరుచుకుపడినప్పుడు అక్కడే ఉండి, కొలతలు పక్కనపెట్టి, హోటలు గదుల్లో నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళను తోటివాళ్ళతో కలిసి బయటికి తెచ్చాడు. వాళ్ళంటే నాకు గౌరవం. వానకి ఎదురెళ్ళిన పిల్లని కాబట్టి ఆ ఆరాటం అర్థమవుతుంది. కానీ వాళ్ళు చేసే పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ధైర్యం కాదు, రాసిపెట్టడం. ఏ నిమిషానికి పీడనం ఎంత పడింది, గాలి ఎప్పుడు తిరిగింది, నీళ్ళు ఎంతదాకా వచ్చాయి. ఆ అంకెలే తర్వాతి తుఫానుకి ప్రాణాలు కాపాడతాయి.

మన దగ్గరే సాక్ష్యం ఉంది. 1864లో మచిలీపట్నం ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారు. నూట పదమూడేళ్ళ తర్వాత 1977లోనూ తీరం దాదాపు అంతే నిస్సహాయంగా ఉంది. ఆ దెబ్బ తర్వాతే ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీర గ్రామాలకి నేరుగా హెచ్చరిక చేరే ఏర్పాటు వచ్చింది, తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మే 9న దాదాపు అంత తీవ్రమైన తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటితే, ముందే లక్షన్నర మందికి పైగా ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, దాని కదలికను గంటగంటకీ ఫోన్లో చూస్తూ మా ఊరివాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నాను.

దివిసీమకి పులిగడ్డలో స్మారకం ఉంది. ఉండాల్సిందే, ఆ దుఃఖం ముందు మాది ఎంత! అయితే నేలెక్కిన తర్వాత ఆ తుఫాను లోపలి పల్లెల్లో ఏం చేసిందో, బాపట్ల నుంచి పలనాడు దాకా ఆ రాత్రి ఎవరు ఎక్కడ తలదాచుకున్నారో, గాలి ఏ ఊళ్ళో ఎప్పుడు తిరిగిందో చెప్పే రాత దాదాపు లేదు. శ్రీనాథుడు చివరి రోజుల్లో బొడ్డుపల్లెలో గుత్తకి తీసుకున్న పొలం పంటను కృష్ణ ఊడ్చుకుపోయిందని ఈనాటికీ తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఒక చాటువు మిగిలింది కాబట్టి తెలుసు. అదే ఏడు అదే వరదలో పోయిన పక్క పొలాల రైతుల సంగతి ఎవరికీ తెలీదు. మా తాత వెళ్ళిపోయాడు. పక్కింటి మావయ్యా లేడు. ఆ మండపంలో మాతో ఉన్నవాళ్ళలో మాట్లాడగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

1977లో పదేళ్ళున్న పిల్లలకి ఇప్పుడు అరవై పడుతోంది. గుంటూరు, బాపట్ల, పలనాడు, ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ఈ కార్తీకంలో పక్కన కూర్చుని అడగండి. గాలి ముందు ఎటు నుంచి వచ్చింది, ఎప్పుడు తగ్గింది, తిరిగి ఎటు నుంచి కొట్టింది, నీళ్ళు ఏ గడప దాకా వచ్చాయి, ఏ కట్టడం నిలిచింది, ఎవరు ఎవరికి చోటిచ్చారు. వాళ్ళ మాటల్లోనే రాసి, ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలోనో బడిలోనో ఇవ్వండి. ఊరి పేరు, చెప్పినవాళ్ళ వయసు, తేదీ తప్పకుండా వెయ్యండి.